పైన ఉన్నవాళ్ళు గెలిచినట్టేనా?

కోవిడ్ ఆంక్షలన్నీ పోయాక వచ్చిన మొదటి చలికాలంలో, సూరత్‌లో జరిగిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలకు నన్ను జడ్జిగా వేశారు. అప్పుడు నేనొక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. రిటైర్మెంటు దగ్గర పడింది. అంతకుముందు చాలా ఏళ్ళు జూడో రెఫరీగా పనిచేశాను కాబట్టి, ఈ కొత్త ఆట మా జిల్లాలోకి వచ్చినప్పుడు జడ్జి శిక్షణకు నన్నే పంపారు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాను.

ఈ ఆటలో గుద్దవచ్చు, తన్నవచ్చు, కుస్తీలోలాగా ఎత్తి కింద పడేయవచ్చు, కీలు మెలిపెట్టో గొంతు బిగించో ఎదుటివాళ్ళ చేత ఓటమి ఒప్పించవచ్చు. చుట్టూ ఎత్తయిన కంచె ఉన్న ఎనిమిది మూలల వేదిక మీద ఆడతారు. సూరత్ మిల్లుల్లో పనిచేసే మన తెలంగాణవాళ్ళు దాన్ని ‘పింజర’ అంటారు. ఒకరు ఒప్పుకుంటేనో, రెఫరీ మధ్యలో ఆపితేనో గొడవే లేదు. మూడు రౌండ్లూ పూర్తయినా తేలకపోతే, కంచెకు మూడు వైపులా కూర్చున్న ముగ్గురు జడ్జీలు తేల్చాలి. ఏ రౌండుకు ఆ రౌండే లెక్క. గెలిచినవాళ్ళకు పది, ఓడినవాళ్ళకు తొమ్మిది, బాగా నలిగిపోతే ఎనిమిది. గంట మోగగానే చీటీ రాసి ఇచ్చేయాలి. పక్క జడ్జితో మాట్లాడకూడదు. ఇచ్చిన చీటీని మళ్ళీ అడగకూడదు.

ఆ రోజు మహిళల ఫైనల్‌లో ఒక వైపు హేతల్, మరో వైపు మౌనిక. హేతల్ తాపీ నదికి అవతల అమ్రోలిలో ఉండే గుజరాతీ అమ్మాయి, బాక్సింగ్ నుంచి వచ్చింది. మౌనిక మేముండే ఉన్ పేట అమ్మాయే. తాత కాలంలో సిరిసిల్ల వైపు నుంచి సాంచల పనికి, అంటే మరమగ్గాల మీద పనికి వచ్చిన కుటుంబం. తల్లి రాజవ్వ మా వీధి మలుపులో కర్రీ పాయింట్ నడుపుతుంది. నేను కాలేజీ నుంచి వస్తూ జొన్నరొట్టెలు కొనేది అక్కడే.

ప్రతి బౌట్‌కు ముందు, ఆటగాళ్ళలో తెలిసినవాళ్ళుంటే జడ్జి ఆ సంగతి ముఖ్య అధికారికి చెప్పాలి. ఆ పోటీలకు ముఖ్య అధికారి దేశాయి గారు. ఆయన దగ్గరికి వెళ్ళి, మౌనిక మా వీధి పిల్ల అనీ, వాళ్ళమ్మ నన్ను అక్కా అని పిలుస్తుందనీ చెప్పాను. చుట్టరికమా అని అడిగారు. కాదన్నాను. మీ విద్యార్థినా అన్నారు. కాదన్నాను. ఆయన నవ్వి, రొట్టెలు కొన్న చోటల్లా చుట్టరికం కలిపితే ఈ ఊళ్ళో జడ్జీలే మిగలరు సుజాతాబేన్, వెళ్ళి కూర్చోండి అన్నారు.

మొదటి రౌండు మౌనికది. ఆ పిల్ల స్కూల్లో ఉన్నప్పటి నుంచి కుస్తీ ఆడింది. హేతల్ మొదటి గుద్దు విసిరేలోపే కిందికి దూరి, రెండు కాళ్ళూ పట్టి ఎత్తి పడేసింది. పడేసి పక్కకు జరిగి, గట్టి గుద్దులు నాలుగు వేసింది. అందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. రెండో రౌండు హేతల్ దూరం పాటించింది. మౌనిక కిందికి వంగిన ప్రతిసారీ పక్కకు తప్పుకుని, మొహం మీద ఎడమ చేత్తో పొడుస్తూ, తొడ మీద తన్నుతూ ఆడింది. అందులోనూ ఆలోచించాల్సింది లేదు. చెరొకటి అయింది. జట్టులో చోటు మూడో రౌండు మీద నిలిచింది.

మూడో రౌండు మొదలైన కాసేపటికే మౌనిక మళ్ళీ కింద పడేసింది. హాలు దద్దరిల్లింది. ఉన్ నుంచి, ఖటోదరా మిల్లుల నుంచి మనవాళ్ళు బాగానే వచ్చారు. హేతల్ వెల్లకిలా పడి, మౌనిక నడుమును రెండు కాళ్ళతో బిగించింది. మౌనిక పైనుంచి వాటేసుకుని, తల ఆమె ఛాతీకి ఆనించి గట్టిగా అదిమి పట్టింది. రౌండులో ఎక్కువ భాగం అలాగే గడిచింది. నేను కూర్చున్న వైపుకు హేతల్ కుడి చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఊరుకోలేదు. మౌనిక చెవి పక్కన, కణత మీద పొట్టి పొట్టి గుద్దులు వేస్తూనే ఉంది. ఒకసారి హేతల్ నడుము తిప్పి మౌనిక మోచేతిని తన తొడల మధ్య ఇరికించింది. మౌనిక మొహం మారిపోయింది. బలమంతా పెట్టి చెయ్యి లాక్కుంది. చివర్లో ఆట కదలడం లేదని రెఫరీ ఇద్దరినీ లేపి నిలబెట్టాడు. లేచీ లేవగానే హేతల్ కుడిచేతి గుద్దు తిన్నగా దవడ మీద పడింది. మౌనిక మోకాళ్ళు వంగాయి. పడిపోకుండా హేతల్‌నే పట్టుకుని వేలాడింది. గంట మోగింది.

నేను హేతల్‌కు పది, మౌనికకు తొమ్మిది రాసి చీటీ ఇచ్చేశాను.

నిర్ణయం చెప్పేటప్పుడు జడ్జీల పేర్లు కూడా చదవడం మా దగ్గర పద్ధతి. మొదటి జడ్జి ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, మౌనిక. మనవాళ్ళు ఈలలు వేశారు. రెండో జడ్జి అవే అంకెలు, హేతల్. చివరి పేరు నాది. జడ్జి సుజాత, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, హేతల్.

ఈలలు ఆగిపోయాయి. మౌనిక నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఓడిపోయానని ఆ పిల్లకు ఎక్కడా అనిపించలేదు.

మర్నాడు సాయంత్రం రాజవ్వ కొట్టు దగ్గర ఆగాను. ఎప్పటిలాగే రొట్టెలు కాగితంలో చుట్టి, కారం పొట్లం పైన పెట్టి ఇచ్చింది. “ఇగోండి మేడం,” అంది. అన్నేళ్ళలో నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి లేచాడు. రాజవ్వ తమ్ముడు మల్లేశం. ఖటోదరాలో సాంచల మీద పనిచేస్తాడు. మేనకోడలి బౌట్ ఉంటే డ్యూటీ మార్పించుకుని మరీ వస్తాడు.

“మేడం, తప్పనుకోకుండ్రి. ఒక్క ముచ్చట అడుగుత. కుస్తీల గని, గల్లీల కొట్లాటల గని, పైనున్నోళ్ళు గెల్చినట్టా, కిందున్నోళ్ళు గెల్చినట్టా?”

చుట్టూ నలుగురు చేరారు. ఇంతలో లోపలి నుంచి మౌనిక వచ్చింది. దవడ ఇంకా వాచే ఉంది.

“పూరా రౌండ్ నేనే ఊపర్ ఉన్న కదా మేడం? ఫిర్ భీ ఎట్ల ఓడిన? జిమ్ముకు ఇగ పోనని మా సర్‌కు చెప్పేసిన. ఎట్ల ఆడితే గెలుస్తమో తెల్వకుంటె ఎందుకు ఆడుడు?”

ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది. అయితే తాను ఇచ్చిన స్కోరు గురించి జడ్జి వీధిలో వాదించకూడదు. అది నిబంధన. ఆ మాటే చెప్పి, అనుమతి తీసుకుని వచ్చి అందరికీ చెప్తాను, అప్పటిదాకా ఆగండి అన్నాను. రాజవ్వ పెనం మీద రొట్టె తిప్పింది.

దేశాయి గారికి ఫోన్ చేశాను. ఆయన వెంటనే కాదనలేదు. రెండు రోజులు ఆలోచించి, కొన్ని షరతులతో సరేనన్నారు. ఫలితం మారదని ముందే చెప్పాలి. మిగిలిన ఇద్దరు జడ్జీల గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ముఖ్యంగా, ఒక పక్షాన్ని మాత్రమే కూర్చోబెట్టి నియమాలు చెప్తే అది పాఠం అనిపించుకోదు, ఓదార్పు అవుతుంది కాబట్టి హేతల్‌ను కూడా పిలవాలి.

పిలిచాను. వస్తుందని అనుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం ఉన్‌లో మన తెలుగువాళ్ళ సంఘం హాలుకు, తండ్రిని వెంటబెట్టుకుని అమ్రోలి నుంచి వచ్చింది. తండ్రి చేతిలో పెద్ద సంచీ. చలికాలం కదా, సంచీ నిండా పోంక్. లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన గింజలు, వాటిలో కలుపుకోవడానికి సేవ్ అనే సన్న కారప్పూస. సూరత్‌వాళ్ళు చలికాలంలో ఎవరింటికి వెళ్ళినా అదే పట్టుకెళ్తారు. గుమ్మంలో నిలబడ్డ రాజవ్వ ఒక్క క్షణం తటపటాయించి సంచీ అందుకుంది. గిన్నెలో పోసి, నోట్లో నాలుగు గింజలు వేసుకుని, “ఇవి మన జొన్నలేనా? గింత తియ్యగున్నయేంది?” అంది. హేతల్ తండ్రికి తెలుగు రాదు. ఆ మొహం చూసి అర్థం చేసుకుని, ఇంకా తినండి అన్నట్టు చెయ్యి చూపించాడు.

అరవై మందికి కుర్చీలు వేయించాను. చాలలేదు. ఆడవాళ్ళు కింద చాపల మీద కూర్చున్నారు. కాలేజీ ప్రొజెక్టర్‌తో గోడ మీద బౌట్ వీడియో వేసే ముందు, జడ్జి ఏం చూడాలో చెప్పాను.

మొదట చూడాల్సింది, ఎవరి దాడి పనిచేసింది అన్నది. గుద్దు కావచ్చు, పట్టు కావచ్చు, దాని వల్ల ఎదుటివాళ్ళకు ఏమైందో చూడాలి. తూలారా, రక్తం వచ్చిందా, ఓటమి ఒప్పుకునే దాకా వెళ్ళి తప్పించుకున్నారా. ఆట ముగింపుకు ఎవరు ఎక్కువ దగ్గరగా వచ్చారో వాళ్ళదే రౌండు. ఇక్కడ తేడా కొంచెం కనిపించినా లెక్క అక్కడితో సరి. ఏ తేడా లేదనిపించినప్పుడే రెండో ప్రమాణానికి వెళ్ళాలి. ఎవరు ముందుకు దూకి పనికొచ్చే దాడికి ప్రయత్నించారో అప్పుడు చూస్తాం. అందులోనూ సమానమైతేనే మూడోది. వేదిక ఎవరి అదుపులో ఉంది, ఆట ఎక్కడ జరగాలో ఎవరు నిర్ణయించారు అన్నది. కింద పడేయడం, పైన అదిమి పట్టడం వాటంతట అవే రౌండు తెచ్చిపెట్టవు. అక్కడి నుంచి ఏం చేశారన్నదే లెక్కలోకి వస్తుంది. చాలా రౌండ్లు మొదటి ప్రమాణం దగ్గరే తేలిపోతాయి. మూడోదాకా వెళ్ళాల్సిన రౌండు నా సర్వీసులో బహుశా ఒకటో రెండో.

“అంటే కింద పడేస్తె నంబర్లు రావా?” ఒకావిడ అడిగింది.

“కుస్తీలో వస్తాయి. జూడోలో అయితే చక్కగా ఎత్తి పడేస్తే ఆటే అయిపోతుంది. ఇక్కడ మాత్రం పడేశాక ఏం జరిగిందో చూస్తారు. పడ్డప్పుడు ఊపిరి ఆగేంత దెబ్బ తగిలితే అది లెక్క. లేకపోతే అక్కడి నుంచి దాడి మొదలవ్వాలి.”

మల్లేశం తల ఊపాడు. “సమజైంది. సాంచ పొద్దంత నడిసింది అంటె సేటు ఒప్పుకోడు. బట్ట ఎంత దిగిందని అడుగుతడు.”

హాలు గొల్లుమంది. పక్కనున్నవాళ్ళు హిందీలోకి మార్చి చెప్పాక హేతల్ తండ్రి అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన కూడా చీరల వ్యాపారంలోనే ఉన్నాడట.

అందరికీ చీటీలు పంచాను. వీడియో శబ్దం లేకుండా వేశాను. ఎందుకు మూగబొమ్మ అని అడిగారు. అరుపులు వింటే చెవులే మార్కులు వేస్తాయి, కళ్ళు వేయవు అన్నాను. మన పిల్ల మెత్తగా తాకినా మనం కేక వేస్తాం. అవతలి పిల్ల గట్టిగా కొట్టినప్పుడు నోరు మూసుకుంటాం. శిక్షణలో మాకు నేర్పిన మొదటి సంగతి అది.

మొదటి రౌండు చీటీలన్నీ మౌనికకు వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఒక పెద్దాయనది. ఎర్ర గ్లవుజులు మన పిల్లవి కావా అని అడిగాడు. కావు తాతా, నీలం అన్నాం. నాలిక కరుచుకుని చీటీ వెనక్కి అడిగాడు. ఇచ్చిన చీటీ తిరిగి ఇవ్వరని ఇందాకే చెప్పాను కదా అనేసరికి అందరూ ఆయన మీద పడ్డారు. రెండో రౌండులో మూలుగుతూనే ఎక్కువమంది హేతల్‌కు వేశారు.

మూడో రౌండు మొదలయ్యాక నవ్వులు ఆగిపోయాయి. మౌనిక అదిమి పట్టినప్పుడు నాలుగైదు చేతులు చీటీ మీదికి వెళ్ళాయి. మధ్యలో హేతల్ కుడి చెయ్యి కనిపించేసరికి ఆగిపోయాయి. చివరి గుద్దు దగ్గర ఒకావిడ “అయ్యో” అని తన దవడే పట్టుకుంది.

చీటీలు లెక్కపెట్టించాను. హాలు దాదాపు సగానికి సగం చీలింది. మన సంఘం హాలులో, మన పిల్ల బౌట్‌కు! ఎవరు ఎవరికి వేశారో చెప్పుకుంటూ అన్నదమ్ములు, మొగుడూ పెళ్ళాలు వాదులాడుకోవడం మొదలుపెట్టారు. చెవి పక్కన పడ్డవి గుద్దులే కావని ఒకరు, నీ చెవి మీద వేసి చూపించనా అని ఇంకొకరు. అంతవరకు నన్ను నిలదీయడానికి వచ్చినవాళ్ళు నన్ను పూర్తిగా మరిచిపోయారు.

“నువ్వెవరికి ఏసినవ్ అక్కా?” అని మల్లేశం రాజవ్వను అడిగాడు.

“నా బిడ్డకే ఏసిన. మూడు రౌండ్లు నా బిడ్డకే,” అంది రాజవ్వ ఏమాత్రం తడుముకోకుండా. “నా బిడ్డకు నేను తక్కువ నంబర్ ఎట్లేస్త? గందుకే నన్ను జడ్జి చెయ్యలే, అక్కను చేసిన్రు.”

మళ్ళీ అక్కా అన్నది అప్పుడే. నాకు చాలా సంతోషం కలిగింది.

మౌనిక మాత్రం చీటీ రాయలేదు. తన ఆటను బయటి నుంచి చూడటం ఆ పిల్లకు అదే మొదటిసారి. మూడో రౌండును మళ్ళీ వేయమంది. మోచెయ్యి ఇరుక్కున్న చోట ఆపమంది. తర్వాత పక్క వరుసలో కూర్చున్న హేతల్ వైపు తిరిగి, అప్పుడు చెయ్యి ఎంత దూరం వచ్చిందని హిందీలో అడిగింది. హేతల్ కుర్చీ దిగి నేల మీద పడుకుని, మౌనికను కూడా కిందికి లాగి, ఆ పిల్ల చెయ్యే పట్టుకుని చూపించింది. నీ మోచెయ్యి ఇక్కడిదాకా వచ్చింది, ఇంకో జానెడు వస్తే నువ్వు ఒప్పుకునేదానివి, చెమటకు జారిపోయింది అంది. ఆడవాళ్ళు చాపలు జరిపి చోటిచ్చారు. మౌనిక లేచి కూర్చుని, మోచెయ్యి రుద్దుకుంటూ నవ్వేసింది.

“నేను పైన పండుకున్న మేడం. కొట్లాడలే,” అంది.

ఇక దాని మీద నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. ఎలా ఆడితే గెలుస్తామో తెలియదన్న పిల్లకు, ఏం చూసి గెలుపు నిర్ణయిస్తారో తెలిసింది.

సాయంత్రం సర్వపిండి, పోంక్ కలిపి తిన్నారు. వెళ్ళేముందు హేతల్ మౌనికను అమ్రోలిలో తన జిమ్ముకు రమ్మంది. నీ కుస్తీ నాకు నేర్పు, నా గుద్దు నీకు నేర్పిస్తాను అని ఒప్పందం. వచ్చే ఏడాది మళ్ళీ మనిద్దరమే ఎదురెదురు పడతాం, తెలుసా అని మౌనిక అడిగింది. తెలిసే పిలుస్తున్నాను అంది హేతల్. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆ పిల్ల నది దాటి అమ్రోలి వెళ్ళడం మొదలుపెట్టింది. దవడ మీద ఒక మచ్చ తగ్గితే ఇంకోటి వచ్చేది. రాజవ్వ వాటిని చూసి తిట్టేది, తిడుతూనే హేతల్ కోసం రెండు రొట్టెలు ఎక్కువ కట్టి పంపేది.

మరుసటి చలికాలం ఎంపిక పోటీలు వచ్చేసరికి అనుకున్నట్టే ఫైనల్‌లో ఆ ఇద్దరే నిలిచారు. నాకు అదే చివరి సీజన్. ఈసారి పరిచయం రొట్టెలతో ఆగేది కాదని దేశాయి గారికి లిఖితపూర్వకంగా చెప్పి, తప్పుకుంటానన్నాను. ఆయన ఇద్దరి కోచ్‌లనూ పిలిచి అభ్యంతరం ఉందా అని అడిగారు. రెండు వైపులా ఉండమనే అన్నారు. రెండు ఇళ్ళ తిండీ తిన్నారు కాబట్టి తూకం సరిపోయింది, కూర్చోండి అన్నారు దేశాయి గారు.

నేను చూసిన బౌట్లలో అంత చక్కనిది ఇంకోటి లేదు. ఒకరి ఆట మరొకరికి పూర్తిగా తెలుసు. మొదటి రౌండులో హేతల్ తన్నులతో, సూటి గుద్దులతో పైచేయి సాధించింది. రెండో రౌండులో మౌనిక పడేసింది. ఈసారి పైన పడుకోలేదు. మోకాలితో తొక్కిపట్టి గుద్దింది, లేవబోతే వీపు వైపుకు పాకింది, గొంతు దగ్గరికి చెయ్యి పంపింది. మనవాళ్ళు “గట్ల! గట్ల!” అని అరిచారు. అమ్రోలి నుంచి వచ్చినవాళ్ళు కూడా కాసేపటికి ఏ పక్షమో మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

మూడో రౌండు మొదట్లోనే హేతల్ గుద్దు ఒకటి మౌనికను ఒక మోకాలి మీదికి దించింది. మౌనిక లేచి, తేరుకుని, కంచె దాకా నెట్టుకెళ్ళి ఎత్తి పడేసింది. అక్కడి నుంచి గంట మోగేదాకా దాడి ఆపలేదు. చివర్లో గొంతు పట్టు దాదాపు బిగిసింది. హేతల్ మెడ తిప్పి బయటపడింది. గంట మోగాక ఇద్దరూ లేవలేదు. నేల మీదే పడుకుని నవ్వుకుంటున్నారు.

నేను చీటీ మీద పెన్ను పెట్టి ఆలోచించాను. మోకాలి మీదికి దించిన ఆ ఒక్క గుద్దా, ఆ తర్వాతి దాడి అంతానా? అప్పటికప్పుడు దెబ్బ చూపించేదానికి ఎక్కువ బరువు ఇవ్వాలని మా నియమం. ఆ గుద్దుకు మౌనిక కళ్ళు చెదరడం నేను దగ్గర నుంచి చూశాను. గొంతు పట్టు జరిగింది అవతలి వైపు. నాకు హేతల్ వీపే కనిపించింది. చూసినదాన్ని బట్టే రాయాలి. హేతల్‌కు పది రాశాను.

మొదటి జడ్జి మౌనిక. జడ్జి సుజాత, హేతల్. హాలంతా నా వైపు తిరిగింది, నవ్వులతో. మూడో జడ్జి మౌనిక.

ఆ తర్వాత ఏం చదివారో ఎవరికీ వినపడలేదు. మల్లేశం కుర్చీ మీద నిలబడి తలపాగా గాల్లో తిప్పాడు. హేతలే మౌనికను భుజాల మీదికి ఎత్తుకుంది. రాజవ్వ కంచె దాకా పరుగెత్తుకొచ్చి, కూతుర్ని ముట్టుకోవడానికి వేళ్ళు పట్టే సందు వెతుక్కుంది.

అంతా సద్దుమణిగాక రాజవ్వ నా బల్ల దగ్గరికి వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

“ఏందక్కా, రెండుసార్లు మా పిల్లకు తక్కువే ఏసినవ్! జర మూడోసారన్న చూడు.”

“మూడోసారి ఉండదు రాజవ్వా. నేను రిటైరవుతున్నా.”

“గట్లయితె ఇంక మంచిదే!” అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆవిడ అటు వెళ్ళగానే మల్లేశం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “మేడం, నేను గూడ మూడో రౌండ్ హేతల్‌కే ఏసుకున్న, మనసుల. గా గుద్దు మామూల్ది కాదు. మా అక్కకు మాత్రం చెప్పకుండ్రి.” చెప్పనన్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

తర్వాత మౌనిక రాష్ట్ర జట్టుతో జాతీయ పోటీలకు వెళ్ళింది. ప్రాక్టీసు జోడీగా హేతల్‌ను కూడా వెంట తీసుకెళ్ళారు.

ఆ రెండు బౌట్ల గురించి కొత్త జడ్జీలకు శిక్షణలో ఇప్పటికీ చెప్తుంటాను. మొదటి బౌట్ అయ్యాక మా వీధివాళ్ళూ నేనూ వేరు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నాం. పైన ఎవరున్నారని వాళ్ళు చూశారు, ఎవరి దాడి పనిచేసిందని నేను చూశాను. అలాంటప్పుడు ఎంత వాదించినా ప్రయోజనం ఉండదు. రెండో బౌట్‌లో మిగిలిన ఇద్దరు జడ్జీలతో నా స్కోరు కలవలేదు, కానీ ముగ్గురం తూచింది ఒక్కదాన్నే. అది సరైన భేదాభిప్రాయం. ఆ చీటీని మళ్ళీ ఒకసారి రాయమన్నా నేను హేతల్‌కే రాస్తాను, వాళ్ళు మౌనికకే రాస్తారు. ముగ్గురు జడ్జీలూ ఒకే జవాబు చెప్పాలని ఏ నియమమూ అడగదు. నియమం అడిగేది ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలని.